ముప్పై ఒకటో పాప

ఎనిమిది మంది పిల్లలున్నంత కాలం ఆమెకు లెక్కతో పని పడలేదు. ఇంటి ముందుగదిలో చాపలు పరిచి, ఉద్యోగాలకు వెళ్లే తల్లుల బిడ్డలను సాకేది. ఎవరికి వీపు నిమరాలో, ఎవరికి పాలు చల్లార్చి ఇవ్వాలో అన్నీ కంఠతా వచ్చు. పిల్లలు పెద్దమ్మ అన్నారు. వీధంతా అదే పిలుపు ఖాయం చేసింది.

ఇప్పుడు పక్క వీధిలో మేడ అద్దెకు తీసుకుని, తాత్కాలిక అనుమతితో శిశు సంరక్షణ కేంద్రం నడుపుతోంది. ముప్పై మంది పిల్లలు, ముగ్గురు ఆయాలు. పక్కా అనుమతి కోసం తనిఖీ అధికారిణి మర్నాడే వస్తోంది. ఆవిడ కాదంటే ముప్పై మంది పిల్లలూ ఎక్కడికి పోతారన్న బెంగతో పెద్దమ్మ కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరుగుతోంది.

అక్కడొక కట్టుబాటుంది. వీధి తలుపు తెరిచి మూసినప్పుడల్లా ఒక ఆయా పిల్లల తలలు తాకుతూ లెక్కపెట్టి, ఎంతమందో పైకి చెప్పాలి. ఆ రోజు అందరూ వచ్చారు. మిగతా ఇద్దరు ఆయాలూ తమ వంతు లెక్కలో ముప్పై అంటే, కొత్త ఆయా మాత్రం ముప్పై ఒకటి అంది. కూరగాయల మనిషి వచ్చి వెళ్లాకా అదే మాట. పెద్దమ్మ రెండుసార్లు తనే లెక్కపెట్టుకుంది. ముప్పై మందే. అధికారిణి ఎదుట ఇలా అందంటే కొంప మునిగినట్టే.

పిల్లలు నిద్రపోయాక కొత్త ఆయాను వంటగదిలోకి పిలిచి, లెక్క రాని మనిషి తనకొద్దనీ, రేపటినుంచి రావద్దనీ చెప్పేసింది. ఆయా కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"లెక్క వచ్చమ్మా. మా పాపను ఒకటి అనుకుని మొదలెడతాను. అలవాటైపోయింది."

"మీ పాపెక్కడుంది?"

"ఇంట్లోనే. బయట గొళ్లెం పెట్టి వస్తాను. పక్కింటావిడ కిటికీలోంచి చూస్తుంటుంది. మూడేళ్లు దానికి. ఏడ్చి ఏడ్చి పడుకుంటుందట."

పెద్దమ్మ ఆమెను పనిలో పెట్టుకున్న నాడు ఓపికుందా, శుభ్రముందా అని గుచ్చి గుచ్చి అడిగింది గాని, బిడ్డలున్నారా అని అడగనే లేదు. మన పిల్లలను ఎత్తుకునే చేతులకు సొంత బిడ్డలుంటారని మనలో మాత్రం ఎందరికి తోస్తుంది? ఆమెకు సిగ్గేసింది. ముందు వెళ్లి పాపను ఎత్తుకురమ్మని పంపింది.

మర్నాడు అధికారిణి ముప్పై ఒక్క మంది పిల్లలను లెక్కపెట్టి, టేపు పట్టి గదులు కొలిచింది. స్థలం ముప్పై మందికే చాలుతుందనీ, ఒకరిని తగ్గిస్తే తప్ప సంతకం పెట్టననీ ఖరాఖండిగా చెప్పింది. ఆ మాట వినగానే ఆయా పాపను చంకనేసుకుని చెప్పులు వెతుక్కుంది. పెద్దమ్మ ఆమెను ఆపి, ముచ్చటపడి అమర్చుకున్న తన ఆఫీసు గది తలుపు తీసింది. బల్లనూ కుర్చీనీ తనే వసారాలోకి ఈడ్చింది.

"ఇదీ పిల్లల గదేనండి. కొలవండి."

అధికారిణి ఆమెను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి టేపు పరిచింది. బయటికొచ్చి సంతకం చేసింది.

సాయంత్రం పిల్లల కోసం వచ్చిన తల్లులు వసారాలో బల్ల చూసి సంగతేమిటని అడిగారు. పెద్దమ్మ దాచకుండా అంతా చెప్పి, చివరికి ఇలా అంది:

"మీరు ధైర్యంగా పనికి వెళ్తున్నారంటే, ఇంకో తల్లి గుండె రాయి చేసుకుని ఇక్కడికి వస్తోంది గనకే. మన బిడ్డల్ని పెంచే మనిషి బిడ్డకు చోటివ్వనప్పుడు, ఎన్ని గదులు కట్టినా అది పిల్లల ఇల్లు కాదు."