తగ్గింపు పాట

తమ్ముణ్ణి మట్టి చేసి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డుకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళావని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పదకొండేళ్ళుగా ఆ వేళకి కాళ్ళు అటే నడిచాయి. ఆ రోజూ నడిచాయి.

షెడ్డు ముందు బోర్డు మీద కారు డీటెయిలింగ్ అని రాసి ఉండేది. పనివాళ్ళు దాన్ని ముస్తాబు అనేవారు. కారుని కడిగి, సీట్లు విప్పి, లోపలి మురికంతా తీసి, రంగుకి పాలిష్ పట్టి, పెళ్ళికొడుకులా నిలబెట్టడం వాళ్ళ పని. ఆమె సీట్ల మీద మరకలు తియ్యడంలో దిట్ట. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె సీట్లక్క. ఆమె లోపల, తమ్ముడు బయట. ఇద్దరూ కలిసి ఒక కారు పట్టేవాళ్ళు.

ఆ షెడ్డులో ఎవరికీ జీతం లేదు. పొద్దున్నే కార్లు వరసగా పెట్టి, కాంట్రాక్టరు వాటి ముందు నిలబడి ఎవరు ఎంతకి చేస్తారని అడిగేవాడు. ఒకరు ఆరొందలంటే ఇంకొకరు ఐదొందలనేవారు. ఎవరు బాగా కిందికి దిగితే కారు వాళ్ళది. లోకంలో వేలంపాట పైకి పోతుంది. అక్కడ కిందికి పోయేది. దాన్ని వాళ్ళు తగ్గింపు పాట అనేవారు. మొదట్లో అది నవ్వుకోవడానికి పెట్టుకున్న పేరు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

నీళ్ళు కొట్టే పంపు కరెంటు వైరుకి తొమ్మిది చోట్ల టేపు చుట్టి ఉండేది. కొత్త వైరు కొనమని తమ్ముడు రెండుసార్లు అడిగాడు. రెండోసారి కాంట్రాక్టరు, మీకంత కావాలంటే వైరు ఖర్చు మీ పాటలో కలిపి చెప్పుకోండి, నేనేమైనా వద్దన్నానా అన్నాడు. ఎవడు కలుపుతాడు? కలిపినవాడికి కారు రాదు. మూడోసారి అడిగే అవసరం తమ్ముడికి లేకపోయింది. తడినేల మీద, చేతిలో పంపు గొట్టంతో, ఒక పక్క కడిగి రెండో పక్కకి తిరుగుతూ పడిపోయాడు. అందరూ చూశారు.

ఆ మర్నాడు వరసలో మొదటి కారు అదే. ఒక పక్క మెరుస్తోంది. రెండో పక్క నురుగు ఎండి తెల్లగా పొలుసులు కట్టింది. కాంట్రాక్టరు తల వంచుకుని, జరగకూడనిది జరిగిందనీ, మంచి కుర్రాడనీ రెండు ముక్కలు చెప్పాడు. తర్వాత తల ఎత్తాడు.

"కారు యజమాని సాయంత్రానికి కావాలంటున్నాడు. సగం పని అయిపోయింది కాబట్టి పాత ధర రాదు. ఎవరు చేస్తారు?"

అందరూ ఆ ఎండిన నురుగు వైపు చూశారు. తర్వాత పాలిష్ మామ మూడొందల యాభై అన్నాడు. ఆయన అందరిలోకీ పెద్దవాడు, పాలిష్ మిషను పట్టి పట్టి కూర్చున్నా చేతులు వణికే మనిషి. పొడుగోడు మూడొందలన్నాడు. వాడికి నలుగురు పిల్లలు. ఎప్పుడూ అందరికంటే కిందికి దిగేది వాడే.

"రెండొందల యాభై" అని ఇంకో గొంతు వినిపించింది. ఆ గొంతు తనదేనని సీట్లక్కకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆమె ఆ కారు చేసింది. సీట్లు విప్పింది, కడిగింది, ఆరబెట్టింది. ఎండిన నురుగుని వేళ్ళతో నానబెట్టి తుడిచింది. పంపు అదే, వైరు అదే, టేపు మాత్రం పదోది. ఏడుపు రాలేదు. చేతులు తనవి కానట్టు, ఎవరో అరువిచ్చినట్టు కదిలాయి. సాయంత్రం డబ్బు చేతిలో పెడితే మడిచి కొంగున కట్టుకుంది.

ఇంటికెళితే మరదలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడికెళ్ళావు వదినా?"

"పనికి."

"ఆ బండి పనికేనా?"

"ఆ."

"ఎంతకి?"

సీట్లక్క చెప్పింది. మరదలు అరవలేదు, తిట్టలేదు. గోడ వైపు తిరిగి, ఆయన నాలుగొందలకి ఒప్పుకున్నాడు అని మాత్రం అంది. ఆ మాట ఆడపడుచు చెవిలోకి వెళ్ళింది కానీ ఇంకా కిందికి దిగలేదు. ఆమె కాళ్ళు కడుక్కుని పొయ్యి వెలిగించింది.

షెడ్డు మూసి ఉండే రోజు మధ్యాహ్నం పాలిష్ మామ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ఆ కారుకి నేను నోరు తెరవకుండా ఉండాల్సిందమ్మా అన్నాడు. వెనకాలే కాలేజీ పిల్ల వచ్చింది. పొద్దున షెడ్డులో అద్దాలు తుడిచి, మధ్యాహ్నం చదువుకునే పిల్ల. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చివర్లో పొడుగోడు గుమ్మానికి తల కొట్టుకోకుండా వంగి లోపలికొచ్చాడు. ఒక్క కిటికీ ఉన్న ఆ గదిలో పదకొండుమంది మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. తమ్ముడు పడుకునే మంచం మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు.

ఇకనుంచి అందరూ ఒకే ధర చెప్పాలన్నాడు మామ. దానికి ఎవరూ కాదనలేదు. ఎంత అనేసరికి గది రెండు ముక్కలు కాదు, పదకొండు ముక్కలైంది.

కాలేజీ పిల్ల కాంట్రాక్టరు వైపు నుంచి మొదలుపెట్టింది. కారుకి వాడు ఐదువేలు తీసుకుంటున్నాడు, అందులో సగం మనదంది. ఆ మాట వింటే వాడు నవ్వుతూ గేటు మూస్తాడని ఇద్దరు ముగ్గురు అన్నారు. మామ అలవాటుగా కింది నుంచి వచ్చాడు. ఇప్పుడు నాలుగొందలు వస్తోంది కదా, ఐదొందలు అడుగుదాం, అడిగినట్టు ఉంటుంది, ఇచ్చినట్టు ఉంటుంది అన్నాడు. ఇన్నాళ్ళూ అలా ముష్టి అడిగే ఇక్కడిదాకా వచ్చామని పిల్ల తిప్పికొట్టింది. పొడుగోడు తన ఇంట్లో రోజుకి ఎంతవుతుందో అదే ధర అన్నాడు. నీకు నలుగురు, నాకు ఒక్కడు, ఒకే కారుకి రెండు ధరలా అని ఎవరో అడిగారు. కాసేపటికి అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. సంతే నయం.

సీట్లక్క నేల చూస్తూ కూర్చుంది. మామ ఆమె వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా, నీకంటే బాగా ఆ పని ఎవరికి తెలుసు అన్నాడు.

ఆమె ధర చెప్పలేదు. పని చెప్పింది. పాఠం అప్పగించినట్టు, ఎత్తూ పల్లం లేని గొంతుతో, కారు లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్ళేదాకా చెప్పింది. చక్రాల సందులు గీకడానికి గంట. బయట కడగడానికి గంట. సీట్లు విప్పడానికి ముప్పావుగంట, బిగించడానికి గంట, ఎందుకంటే బిగించేటప్పుడు గీత పడితే మన మీదికొస్తుంది. సీట్లకి రెండు గంటలు, పసిపిల్లలున్న ఇంటి కారైతే మూడు. పైకప్పు గుడ్డకి గంట, మెడ పైకెత్తి చెయ్యాలి కాబట్టి మధ్యలో ఆగాలి. అలా చెప్పుకుంటూ పోయింది. కాలేజీ పిల్ల నోటుపుస్తకం తీసి రాసింది.

"ఆరేదాకా ఊరికే కూర్చుంటాం కదా, అదీ రాయాలా?" అని పొడుగోడు అడిగాడు.

"కూర్చుంటే ఇంటికి పోనిస్తున్నాడా?" అంది సీట్లక్క. "రాయి."

మొత్తం పద్నాలుగు గంటలైంది. ఇద్దరు చేస్తే నిండా ఒక రోజు. ఈ ఊళ్ళో గోడ కట్టే మేస్త్రీ రోజుకి ఆరొందలు పుచ్చుకుంటున్నాడు, మనం మేస్త్రీకి తక్కువా అని మామ అడిగాడు. ఎవరూ తక్కువనలేదు. పన్నెండొందలు. ఆ అంకె ఎంత పెద్దదో అప్పుడే తెలిసినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వైరు కూడా అందులో కలపాలి" అన్నాడు మామ. "ఇంకో వంద వేద్దాం."

"మన ప్రాణం మనమే కొనుక్కోవాలా?" అంది కాలేజీ పిల్ల.

ఎవరో మెల్లగా, పోయినవాడి కోసం కూడా ఎంతో కొంత వెయ్యాలి కదా అన్నారు. మరదలు మంచం కోడు పట్టుకుంది.

సీట్లక్క అప్పుడు తల ఎత్తింది. "వాణ్ణి ధరలో వెయ్యొద్దు. వైరు కూడా వెయ్యొద్దు. వైరు మార్చకపోతే అసలు ధరే చెప్పొద్దు."

దాని మీద ఇక వాదన జరగలేదు. పొడుగోడు మాత్రం తన మాట తాను చెప్పాడు. నేను నిలబడతాను, రేపు మీలో ఒకరు జారితే నా పిల్లలకి ఏం పెట్టను అని అడిగాడు. జారేది ఎప్పుడూ నువ్వే కదరా అని మామ అనబోయి ఊరుకున్నాడు. మరదలు ఆ మధ్యాహ్నం నోరు విప్పింది అప్పుడే. ఎవరింట్లో ఏం ఉంటే అది తెచ్చి ఇక్కడ పెట్టండి, పనిలేనన్నాళ్ళు పొయ్యి ఒకటే, మీ పిల్లలు ముందు తింటారు అంది.

మర్నాడు కాంట్రాక్టరు తెల్లకారు ముందు నిలబడి ఎంత అని అడిగాడు. మామ పన్నెండొందలన్నాడు. కాంట్రాక్టరు నవ్వి పక్కవాణ్ణి చూశాడు. పన్నెండొందలు. ఆ పక్కన, పన్నెండొందలు. వాడు వరస దాటేసి తిన్నగా పొడుగోడి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు చెప్పు. ఐదొందలిస్తా, నీ ఒక్కడికే. రోజూ నీకే మొదటి కారు."

పొడుగోడు కారుని చూశాడు, భుజం మీది చేతిని చూశాడు.

"పన్నెండొందలు" అన్నాడు. మాట వణికింది, అంకె మారలేదు.

చివర ఉన్న సీట్లక్క, ముందు వైరు మార్చండి, తర్వాత అడగండి అంది. కాంట్రాక్టరు గేటు మూయించాడు.

నాలుగు రోజులు గేటు ముందే కూర్చున్నారు. పొయ్యి ఒకటే వెలిగింది. మూడోనాడే గిన్నె అడుగు కనిపించింది. తలా పిడికెడు తగ్గించుకున్నారు. సీట్లక్కకి ఆకలి తెలియలేదు. పెడితే తింది, లేకపోతే లేదు. నాలుగోనాడు మధ్యాహ్నం కాంట్రాక్టరు ఆమె ఇంటికొచ్చాడు. చెప్పులు బయట విడిచి మర్యాదగా కూర్చున్నాడు. నెలజీతం ఇస్తాననీ, తమ్ముడి పేరు మీద కొంత సొమ్ము మరదలికి ఇస్తాననీ, రేపు ఆమె ఒక్కతి లోపలికొస్తే చాలుననీ చెప్పాడు.

సీట్లక్క మరదలి వైపు చూసింది. మరదలు తల అడ్డంగా ఊపింది.

"ఇచ్చేదుంటే గేటు ముందు ఇవ్వండి" అంది సీట్లక్క. "అందరూ చూస్తుండగా. చచ్చినప్పుడు అందరూ చూశారుగా."

వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఐదోనాడు ఒక వ్యానులో ఎనిమిదిమంది కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళ చేతుల్లో అన్నం గిన్నెలున్నాయి, కాళ్ళకి చెప్పుల్లేవు. పాతవాళ్ళలో ఒకడు రాయి ఎత్తితే మామ వాడి మణికట్టు పట్టుకుని కిందికి దించాడు. కొత్తవాళ్ళకి అడ్డం నిలబడి, నిదానంగా, పాట సంగతి చెప్పాడు, పన్నెండొందలు ఎలా వచ్చాయో చెప్పాడు, వైరు సంగతి చెప్పాడు. కాలేజీ పిల్ల నోటుపుస్తకం తెరిచి చూపించింది. అంతలో పోలీసు జీపు వచ్చింది. దారి అడ్డగించి దౌర్జన్యం చేస్తున్నారని కాంట్రాక్టరు మామనీ పిల్లనీ వేలు పెట్టి చూపించాడు. వణికే ఆ రెండు చేతుల్నీ వెనక్కి విరిచి మామని ఎక్కించారు. పిల్ల పుస్తకాన్ని సీట్లక్క ఒళ్ళోకి విసిరి తనంతట తానే ఎక్కింది.

జీపు వెళ్ళాక గేటు తెరిచారు. కొత్తవాళ్ళు లోపలికెళ్ళి కార్ల ముందు నిలబడ్డారు. బయటున్న తొమ్మిదిమంది ఊచల్లోంచి చూస్తున్నారు. కాంట్రాక్టరు ఎప్పటిలాగే అడిగాడు.

"చెప్పండి. ఎంతకి చేస్తారు?"

కొత్తవాళ్ళలో నెరిసిన జుట్టు మనిషి ఒకామె ఉంది. ఆమె కారుని చూడలేదు. పంపు దగ్గరికి వెళ్ళి, వంగి, వైరుని కంటితోనే కొసదాకా చూసింది. టేపులు లెక్కపెట్టినట్టుంది.

"ఇది మార్చలేదే" అంది.

కాంట్రాక్టరు పని చూసుకోమన్నాడు. ఆమె గిన్నె తీసుకుని బయటికొచ్చి సీట్లక్క పక్కన కూర్చుంది. కాసేపటికి ఇంకో ఇద్దరు వచ్చారు. తర్వాత మిగిలినవాళ్ళు కూడా వచ్చారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు కారు ముందు ఒంటరిగా నిలబడి, తన ధర చెప్పడానికి పోటీ ఎవరూ లేక, ఎంత చెప్పాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

మధ్యాహ్నం అందరూ స్టేషను ముందుకి నడిచి వెళ్ళి నేల మీద కూర్చున్నారు. తొమ్మిదిమంది, ఏడుగురు, మరదలు, పొడుగోడి నలుగురు పిల్లలు. లోపల మామని కొట్టారో లేదో తెలియదు. ఒకసారి అరుపు వినిపించింది. అది ఎవరిదో ఎవరూ చెప్పలేకపోయారు. మరదలు ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు గట్టిగా ఉందని సీట్లక్కకి తెలిసింది. ఎంత గట్టిగా ఉందో తెలియలేదు.

మర్నాటికి ఆ సంగతి రోడ్డు పొడుగునా పాకింది. పక్క షెడ్లవాళ్ళు పని మాని వచ్చారు. కాలేజీ పిల్ల తరగతివాళ్ళు ఒక గుంపుగా వచ్చి వెనక నిలబడ్డారు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి లారీలు కడిగే చోటు నుంచి ఇరవైమంది వచ్చారు, మోకాళ్ళదాకా గ్రీజుతో. వాళ్ళలో ముందున్నవాడు సీట్లక్క ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మాక్కూడా ఈ పాటే అక్కా. కానీ మావి లారీలు. మీ పన్నెండొందలు మాకు సరిపోదు. ధర ఎలా కట్టారో చెప్పు."

సీట్లక్క ఒళ్ళో పుస్తకం తెరిచి కొత్త కాగితం తీసింది.

"నీ పనంతా చెప్పు. మొదటి నుంచీ."

"ముందు లారీ కిందికి దూరి బురద చెక్కాలి."

"ఎంతసేపు?"

స్టేషను గుమ్మంలోంచి ఇద్దరు పోలీసులు లాఠీలతో మెట్లు దిగి వచ్చారు. లెండి, లెండి, ఇక్కడ కూర్చోకూడదని కేకలేశారు. ముందువరస మీద నీడ పడింది. పొడుగోడు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాడు, లేవలేదు. నెరిసిన జుట్టు మనిషి లేవలేదు. మరదలు లేవలేదు. విద్యార్థులు వెనకనుంచి ముందుకొచ్చి వాళ్ళ మధ్య ఖాళీల్లో కూర్చున్నారు.

లారీ కడిగేవాడు లాఠీ వైపు చూస్తూ ఆగిపోయాడు.

"ఎంతసేపు?" అని సీట్లక్క మళ్ళీ అడిగింది.