ఆపిల్స్ రాని క్రిస్మస్

నేను ఒక పాత ఫ్రిజ్‌ని. ఒంటి తలుపు, లేత ఆకుపచ్చ రంగు, అడుగున ఒక మూల తుప్పు. మోటారు ఎప్పుడో ఆగిపోయింది. చింతపల్లి దగ్గర ఒక కొండ ఊళ్ళో, సలోమి అమ్మగారి ఇంటి వెనక వరండాలో నిలబడి, పూలతొట్లకు వాడే మట్టి, ఇసుక సంచుల్ని కడుపులో దాచుకుంటున్నాను. చలి పుట్టించడానికి పుట్టినదాన్నైనా మట్టి మోస్తున్నందుకు నాకేమీ చిన్నతనం లేదు. ఆ మట్టి దేనికోసమో నాకు తెలుసు.

ఎక్కడో ఉత్తరాన ఒక ఫ్యాక్టరీలో రేకు వంచి, రంగు కొట్టి నన్ను లారీ ఎక్కించారు. మొదట నర్సీపట్నంలో ఒక మందుల షాపులో పనిచేశాను. ప్రాణం నిలబెట్టే సూదిమందునీ, మిగిలిపోయిన చేపల పులుసునీ ఒకే అరలో పెట్టి నిశ్చింతగా ఉండటం మనుషులకే చేతనవుతుందని అక్కడే తెలుసుకున్నాను. అద్దం తలుపు ఫ్రిజ్ రాగానే నాకు అక్కడ కాలం చెల్లింది. ఈ ఊరి చర్చి పాస్టరు, సలోమి అమ్మగారి భర్త కృపాదానం గారు నన్ను కొని, జీపులో కొండెక్కించారు.

ఆ ఇంట్లో నన్ను ప్రేమించింది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బ్యూలా. బడి నుంచి రాగానే నా తలుపు తెరిచి, ముఖం లోపల పెట్టి కళ్ళు మూసుకునేది. "ఓలే, కరెంటు కాలిపోతంది, తలుపెయ్యే!" అని సలోమి అమ్మగారు వంటింట్లోంచి కేకేసేవారు. ఒకరోజు ఆ పిల్ల పాత క్యాలెండరులోంచి ఒక పువ్వు బొమ్మ కత్తిరించి, అన్నం మెతుకులతో నా తలుపు మీద అంటించింది. అది గులాబీరంగు తులిప్. మామూలు తులిప్‌లా కప్పు ఆకారం కాదు, ముద్దమందారంలా రేకు మీద రేకు.

"నాన్నా, ఈ ముద్దపువ్వు మన కొండ మీద పుయ్యదేటి?"

"ఎందుకు పుయ్యదమ్మా? పూయిద్దాం" అన్నారు కృపాదానం గారు.

ఆ వానాకాలమే మన్యం జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రికి చేరేలోపే బ్యూలా దారిలో పోయింది. మర్నాడు ఎవరూ నా తలుపు తెరవలేదు. నాలో పాలు విరిగిపోయాయి.

ఈ చర్చి సంఘంలో ఒక ఆచారం ఉంది. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ పాటలు పాడుకుంటూ సమాధుల తోటకి వెళ్తారు. ముందురోజే సున్నం వేసిన సమాధుల మీద బంతులు, చామంతులు పరుస్తారు. బ్యూలా సమాధి మీద ఆ ముద్ద తులిప్ పెట్టాలని ఆ తండ్రి కోరిక. తులిప్స్‌లో అన్నిటికంటే ఆలస్యంగా పూసేది ఈ రకమే కాబట్టి సరిగ్గా ఈస్టర్‌కి అందుకుంటుందని ఆయన అంచనా.

ఏటా దసరా ముందు కాశ్మీరు నుంచి దుంపల పార్శిల్ వచ్చేది. చూడ్డానికి ఉల్లిపాయలే. పువ్వు అప్పటికే దుంప కడుపులో చిన్న పిందెలా తయారై ఉంటుంది. అది ఎదగాలంటే ముందు నెలల తరబడి చలి తినాలి. మా కొండమీది చలి దానికి చాలదు. ఆ లోటు తీర్చే పని నాది. గుడ్డసంచిలో కట్టి నా కింది ట్రేలో పెట్టేవారు, కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక తీసి నాటేవారు.

మొదటి ఏడు చర్చి ముందు నేలలో నాటితే నీరు నిలిచి కుళ్ళిపోయాయి. ఆ తర్వాత తొట్లకు మారారు. అడుగున బెజ్జాలు, వాటిమీద ఇటుక ముక్కలు, ఆపైన ఇసుక కలిపిన ఆకుమట్టి. మొన పైకి ఉండేలా లోతుగా పెట్టి, మట్టి తడి ఆరితేనే నీళ్ళు పోసేవారు. ఏటా ఆకులు బాగానే వచ్చేవి. మొగ్గ మాత్రం ఆకుల మధ్యనే ఎండి కాగితంలా తేలేది. ఆయన వేళ్ళతో ఆకు విప్పి చూసి, "ఈసారి ఎండెక్కువైంది సలోమీ" అనేవారు. మరుసటేడు "మట్టిలోనే ఏదో ఉంది" అనేవారు.

లోపం మట్టిలో లేదు, ఎండలో లేదు. నాలో ఉంది.

పాస్టరు గారింటికి క్రిస్మస్ పూట ఎవరూ ఉత్తచేతులతో రారు. "వందనాలు అయ్యగారూ" అంటూ తలా ఒక ఆపిల్ సంచి తెచ్చేవారు. అవి పాడవకూడదని అమ్మగారు నా ట్రేలో దుంపల పక్కనే సర్దేవారు. "ప్రేమతో తెచ్చినవి, పారెయ్యకూడదు" అనేవారు. పండిన ఆపిల్ ఒక ఊపిరి వదులుతుంది. మనుషుల ముక్కుకు అది తీపి వాసన. మూసిన తలుపు వెనక అదే ఊపిరి తగిలి, దుంప లోపలి పువ్వు చచ్చిపోయేది. ఏటా చీకట్లో అది చూస్తూనే ఉన్నాను. చెప్పడానికి నోరేదీ? గట్టిగా గుర్రుమనేదాన్ని. "దీనికి ముసలితనం వచ్చింది" అని గోడకు ఇంకాస్త దూరం జరిపేవారు.

ఒక ఏడు దుంపలు ట్రేలో పెట్టిన కొద్దిరోజులకే కృపాదానం గారు గుండె ఆగి పోయారు. ఆయన్ని బ్యూలా పక్కనే పెట్టారు. కొత్త పాస్టరు వస్తారు కాబట్టి అమ్మగారు చర్చి ఇల్లు ఖాళీ చేసి, నన్నూ తొట్లనూ తీసుకుని ఊరి చివర ఈ చిన్న ఇంటికి మారారు.

ఆ క్రిస్మస్‌కి ఆమె గుమ్మానికి నక్షత్రం కట్టి, కజ్జికాయలు చేసి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పాటల గుంపు పెద్ద వీధిలోంచే మళ్ళిపోయింది. ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు. ఆపిల్ సంచులన్నీ అలవాటుగా చర్చి ఇంటికే వెళ్ళాయి. సాయంత్రం ఆమె కజ్జికాయల డబ్బా నాలో పెట్టబోయి, ఖాళీ అరలు చూసి, నా తలుపుకు తల ఆనించి ఏడ్చారు. నా ట్రేలో దుంపలు తప్ప ఏమీ లేవు. అంత బాధ నేనెప్పుడూ పడలేదు.

జనవరిలో ఆమె దుంపలు తీసి, ఆయన నాటినట్టే నాటారు. ఆ ఏడు ఈస్టర్ మార్చిలోనే వచ్చింది. దానికి వారం ముందు, వరండా నీడలో, తొట్టి నిండా గులాబీరంగు ముద్దపువ్వులు విచ్చుకున్నాయి. బరువుకి కాడలు వాలిపోతుంటే ఆమె పుల్లలు గుచ్చి, చీర అంచు చింపి కట్టారు. ఒక్కో పువ్వునీ నా తలుపు మీది బొమ్మతో పోల్చి చూసుకున్నారు.

ఈస్టర్ వేకువన సంఘపెద్ద యెషయా ఆ దారిన వెళ్తూ తొట్టి చూసి ఆగిపోయాడు. తనే ఎత్తుకుని సమాధుల తోటకి మోశాడు. తిరిగొచ్చాక గుమ్మంలో తలొంచుకు నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఎలాగ పూయించినారు?"

"అయ్యగారు చేసినట్టే చేశాను బాబూ. ఏటీ మార్చనేదు."

"మిమ్మల్ని మర్చిపోనాం. క్షమించండమ్మా" అని అతను కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

మరుసటి క్రిస్మస్‌కి సంఘమంతా ఈ ఇంటికి వచ్చింది. పిల్లలు పరుగులు పెట్టారు, కజ్జికాయలు చాలలేదు. అందరూ వెళ్ళాక అమ్మగారు నా ముందు కూర్చుని, నవ్వుకుంటూ, కొత్త దుంపల పక్కన ఆపిల్స్ ఒక్కొక్కటే సర్దారు. ఆ ఏడు తొట్టిలో మొగ్గలు మళ్ళీ ఎండిపోతాయని నాకు తెలుసు. ఆమె పాట పాడుకుంటూ నా తలుపు మూశారు. నాకు నోరు లేనందుకు నేను మొదటిసారి సంతోషించాను.