మొక్కజొన్న చెమటోడ్చిన వారం

జూలై నెల నడిమికి వచ్చేసరికి నార్‌హోల్ట్ ఊరికి మూడు వైపులా మొక్కజొన్న మనిషికంటే ఎత్తుకు లేస్తుంది. నాలుగో వైపు రైలు పట్టాలు. పట్టాల అవతల నాలుగు వీధులు, వాటిని దాటితే మళ్లీ మొక్కజొన్నే. అయోవా రాష్ట్రమంతా అంతే. ఆ ఏడు ఎండలు ముదిరిన ఐదో రోజుకి ఆ పైరు నేలలో ఉన్న తడినంతా తాగి, ఆకుల్లోంచి గాలిలోకి వదలడం మొదలుపెట్టింది. మొక్కజొన్న చెమటోడుస్తోంది అంటారు అక్కడివాళ్లు. ఆకు కదలదు. ఉతికిన బట్ట ఆరదు. రాత్రయినా గోడలు చల్లబడవు. బ్యాంకు ముందున్న బోర్డు మీద నూటమూడు డిగ్రీల అంకె వెలుగుతూ ఉంది. మనిషికి అంత జ్వరమొస్తే మంచం దిగనివ్వరు. ఇక్కడ ఊరంతటికీ వచ్చింది జ్వరం.

లూథరన్ చర్చి కింద నేలమాళిగలో ఉన్న హాల్లో ఏసీ ఉంది. ఇళ్లలో ఏసీలు లేని ముసలివాళ్లను పగలంతా అక్కడ కూర్చోబెట్టాలని చర్చి ఆడవాళ్లు అనుకున్నారు. లవోన్ అనే ఆవిడ పేర్ల జాబితా రాసింది. పంతొమ్మిది మంది తేలారు. అందులో సగం మందికి ఫోన్లు చేసి, రానన్నవాళ్లను బతిమాలి తీసుకొచ్చే పని ఆర్డిస్ టోలెఫ్సన్‌కి అప్పజెప్పింది.

ఆర్డిస్‌కి అరవై ఏడేళ్లు. బడి వంటశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు వండి వడ్డించిన మనిషి. ఆమె ఒక్క కేక వేస్తే రెండొందల మంది పిల్లలు చెంచాలు కింద పెట్టేసేవాళ్లు. భర్త పోయి ఆరేళ్లయింది. ఎవరింటికైనా అడగకుండా వెళ్లడం, వాళ్ల పొయ్యి తుడిచేసి రావడం ఆమెకు మామూలు. అలాంటి ఆర్డిస్ మూడు రోజుల్లో తన వంతు వాళ్లందరినీ హాల్లోకి చేర్చేసింది. నాలుగో రోజు లవోన్ జాబితా తన చేతిలోకి వచ్చినప్పుడు చూసుకుంది, చివరి పేరు పక్కన గీత పడలేదు. ఓర్లిన్. ఆమె అన్న.

"మూడుసార్లు చేశాను" అంది లవోన్. "బాగానే ఉన్నానంటాడు, పెట్టేస్తాడు. నువ్వెళ్లు."

"నేనా? నన్ను చూస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది వాడికి."

"డెబ్బై ఒక్కేళ్లవాడు, ఆర్డిస్. రేకు కప్పు కింద కూర్చుని ఉన్నాడు. నీ పంతం చలికాలంలో చూసుకుందువుగాని."

ఆ పంతానికి పదకొండేళ్లు. వాళ్లమ్మ వృద్ధాశ్రమంలో ఆఖరి వారం నాలుగు రోజులూ "ఓర్లిన్ వచ్చాడా?" అని అడుగుతూనే ఉంది. అక్టోబరు నెల, సోయా కోతలు. ఆర్డిస్ మంచం పక్కనే కూర్చుంది. ఓర్లిన్ రాలేదు. గురువారం సాయంత్రం తల్లి పోయింది. సమాధి దగ్గర్నించి వచ్చి అందరూ ఇదే హాల్లో భోజనాలు చేస్తుంటే, అన్న పళ్లెంలో బంగాళాదుంపలు వడ్డించుకోవడం చూసి ఆర్డిస్‌కి ఒళ్లు మండిపోయింది. "అమ్మ నాలుగు రోజులు నీ పేరే కలవరించింది. నీకు సోయా ఎక్కువైంది. తిండి వేళకి మాత్రం బాగానే వచ్చావ్!" అంది, బడిలో అరిచే గొంతుతో. హాల్లో అందరూ తలలు తిప్పారు. ఓర్లిన్ పళ్లెం బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని, మెట్లెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ చర్చి గడప తొక్కలేదు. ఎనిమిదొందల గడప కూడా లేని ఊళ్లో ఇద్దరు మనుషులు పదకొండేళ్లు ఎదురుపడకుండా తిరగాలంటే మాటలు కాదు. ఆయన కొట్టుకి పొద్దున్నే వెళ్లేవాడు, ఆమె మధ్యాహ్నం వెళ్లేది. ఇద్దరూ ఆ పద్ధతి తప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆర్డిస్ పట్టాలు దాటి అన్న ఇంటి ముందు కారు ఆపింది. తలుపుకి దోమతెర మాత్రమే వేసి ఉంది.

"ఎవరూ?"

"నేనే."

"నేనే అంటే?"

"ఆర్డిస్‌ని."

లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది. "రా. తెర మూసెయ్యి, వేడి లోపలికొస్తుంది."

"లోపలున్నదేంటి మరి, మంచుగడ్డా?"

ఓర్లిన్ వంటగదిలో బనీనుతో కూర్చుని ఉన్నాడు. పాదాలు రెండూ నీళ్ల తొట్టెలో పెట్టుకున్నాడు. కిటికీలో ఫ్యాన్ బయటి సెగనే లోపలికి తోస్తోంది. మనిషి సగానికి సగం అయ్యాడు. మెడ మీద చర్మం వేలాడుతోంది, మొహం మాత్రం ఎర్రగా కందిపోయింది. తను ఇంత కాలంగా తిట్టుకుంటున్న మనిషి ఈ మనిషి కాడనిపించింది ఆర్డిస్‌కి.

"లవోన్ పంపిందా?"

"పంపింది."

"హమ్మయ్య. నీ అంతట నువ్వే వచ్చావేమోనని హడలిపోయాను."

ఆమె ఫ్రిజ్ తెరిచి ఐసు తీసి, రెండు గ్లాసుల్లో నీళ్లు పోసింది. ఆయన గ్లాసు రెండు చేతులా అందుకున్నా కొన్ని నీళ్లు బనీను మీద ఒలికాయి. అది ఇద్దరూ చూశారు, చూడనట్టు ఊరుకున్నారు.

"హాలుకి రా ఓర్లిన్. చల్లగా ఉంది."

"ఆ హాలుకా? పోయినసారి అక్కడ నువ్వు పెట్టింది ఇంకా అరగలేదు."

"అన్నది అబద్ధమా?"

ఆయన తొట్టెలో పాదాలు కదిపాడు. "బుధవారం రాత్రి మంచు పడి సోయా కాయ మెత్తబడింది. ఇక మిషన్ కొయ్యదని ఆపేసి, ఆ దుమ్ముతోనే వెళ్లాను అమ్మ దగ్గరికి. నువ్వప్పుడే పడుకోడానికి ఇంటికెళ్లావంది నర్సు. తెల్లారేదాకా కూర్చున్నాను."

ఆర్డిస్ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"నన్ను చూసి కళ్లు తెరిచింది. ఎంత మురికిగా ఉన్నావురా, చేతులు కడుక్కో అంది. కడుక్కొచ్చాను. పట్టుకుంది."

"గురువారం కూడా అడిగింది నన్ను, ఓర్లిన్ వచ్చాడా అని."

"మర్చిపోయుంటుంది. అప్పటికి నీ పేరూ తెలీట్లేదుగా, నిన్ను పట్టుకుని అత్తయ్యా అనేది."

"నర్సు నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"పగటి నర్సు వేరు."

"నువ్వైనా చెప్పొచ్చుగా! పదకొండేళ్లు!"

"నువ్వు అడగలేదు ఆర్డిస్. చెప్పావు. అందరి ముందూ."

ఆమె లేచి ఖాళీ గ్లాసు సింకు దగ్గరికి పట్టుకెళ్లింది. అన్న వైపు వీపు పెట్టి దాన్ని కడుగుతూ, కడుగుతూ, చివరికి అంది: "నాదే తప్పు, ఓర్లిన్. నోరు పారేసుకున్నాను."

ఓర్లిన్ తొట్టెలోంచి పాదాలు తీసి తుడుచుకున్నాడు.

"సరేలేవే" అన్నాడాయన వెనకనించి. "ఆ గ్లాసు అరిగిపోతుంది, ఇక వదిలెయ్."

ఆ తర్వాత గంటసేపు కూర్చున్నారు. పోయినవాళ్ల గురించి, ఈ ఏటి పైరు గురించి, ఆర్డిస్ మోకాలి గురించి మాట్లాడుకున్నారు. ఒళ్లు పెరిగావన్నాడు. నువ్వు తగ్గిందంతా ఎటుపోయిందనుకున్నావ్ అంది ఆమె. ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

"ఇప్పుడే నా కారెక్కు" అంది ఆర్డిస్ లేస్తూ.

"ఇవాళొద్దు. ఈ గడ్డం చూడు. పదకొండేళ్ల తర్వాత ఆ మెట్లు దిగుతూ బనీనుతో దిగమంటావా? రేపు తొమ్మిదింటికి వస్తా."

"నేనొచ్చి తీసుకెళ్తా."

"నా బండి నాకుంది. నన్ను బడిపిల్లాడిలా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లకు. ఒక్కసారి నా అంతట నన్ను రానియ్."

ఇంకోసారైతే ఆర్డిస్ వినేది కాదు. చొక్కా తొడిగి మరీ కారులో కూలేసేది. కానీ ఆ మధ్యాహ్నం ఆమెకు తన నోరంటే, తన పెత్తనమంటే భయం పుట్టింది. సరే అంది. ఐసు ట్రేలు నింపి ఫ్రిజ్‌లో పెట్టి, వచ్చేసింది.

సాయంత్రం లవోన్‌కి ఫోన్ చేసి, ఏడుస్తూ నవ్వుతూ అంతా చెప్పింది. "వాడు వెళ్లాడు, లవోన్! అమ్మ దగ్గర తెల్లవార్లూ కూర్చున్నాడు. నేను ఊరంతా వాణ్ని ఆడిపోసుకున్నాను." ఫోన్ పెట్టేశాక ఓర్లిన్‌కి ఇష్టమని గుడ్లు ఉడకబెట్టి, హామ్ అనే పందిమాంసం ముక్కలు కోసి, డబ్బాలో సర్దింది. ఆమె వీధిలో దీపాలు వెలుగుతున్నాయి, ఫ్రిజ్ గుర్రుమంటోంది. పట్టాల అవతల నాలుగు వీధులకీ ఏడింటికే కరెంటు పోయిందని ఆమెకు తెలియలేదు.

మర్నాడు ఎనిమిదింటికే హాల్లోకి వచ్చింది. మెట్లు కనిపించేలా కుర్చీ ఒకటి ఎంచుకుని, పక్కది అన్న కోసం పెట్టుకుంది. కీరదోసకాయలు కోస్తూ కూర్చుంది. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. మెట్ల మీద అడుగు వినపడ్డప్పుడల్లా కత్తి ఆగేది. వచ్చేది ఇంకెవరో అయ్యేది.

"వెళ్లి చూడవే" అంది లవోన్.

"తన అంతట రానివ్వమన్నాడు. అరగంట ఆలస్యమైతే వెంటపడతానా? జన్మంతా అందరి వెంటా పడ్డాను."

పదింటికి లవోన్ ఓర్లిన్ ఇంటికి ఫోన్ చేసింది. మోగుతోంది గాని ఎవరూ తియ్యలేదు. బయల్దేరి ఉంటాడు అంది ఆర్డిస్. పది నలభైకి కెట్లర్ అనే రైతు తన తల్లిని చెయ్యి పట్టుకుని మెట్లు దించుకుంటూ వచ్చాడు. పట్టాల అవతలే వాళ్లిల్లు. "రాత్రంతా కరెంటు లేదు, అమ్మ నిద్రపోలేదు. కరెంటు ఇప్పుడే వచ్చింది" అన్నాడు.

ఆర్డిస్ కత్తి కింద పెట్టింది.

ఓర్లిన్ వంటగదిలోనే, అదే కుర్చీలో ఉన్నాడు. ఫ్యాన్ తిరుగుతోంది. గడ్డం నున్నగా గీసుకున్నాడు. తెల్ల చొక్కా తొడుక్కుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. ఒక కాలికి బూటు వేసి, లేసు కట్టి ఉంది. రెండోది చేతిలోంచి జారి నేల మీద పడి ఉంది. తల గోడకి ఆనించి, ఊపిరి తీసుకోవడానికి ఆగిన మనిషిలా ఉన్నాడు.

వెంట వచ్చిన లవోన్ పోలీసులకు ఫోన్ చేసింది. ఆర్డిస్ నేల మీద కూర్చుని అన్న పాదం ఒళ్లో పెట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. కానీ ఆ గదిలో అన్నీ వెచ్చగానే ఉన్నాయి, బల్లా, గోడా, చెంచాలూ.

"గుండె ఆగిపోయింది. ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య అయ్యుండాలి" అన్నాడు వచ్చిన అధికారి. కుర్రవాడు, ఆమె చేతి వంట తిని పెరిగినవాడే. "రాత్రంతా ఈ గదిలో... బాగా నీరసించి ఉంటాడు, ఆర్డిస్ గారూ. బాధపడి ఉండడు."

"ఎనిమిదిన్నరకి నేను కీరదోసకాయలు కోస్తున్నాను" అంది ఆర్డిస్.

"నీకేం తెలుసు, కరెంటు పోయిందని!" అంది లవోన్.

"ఏడింటికి లేచాను. వచ్చి ఉంటే ఉండేవాడు. రావాలనే అనిపించింది. రాకూడదని కూర్చున్నాను."

ఆ సాయంత్రం పడమట నల్లగా మేఘం పట్టింది. పొలాల మీద ముందు గాలి లేచింది, వారం రోజుల తర్వాత మొదటి గాలి. ఊరంతా ఇళ్లలోంచి బయటికొచ్చి వీధుల్లో నిలబడింది. పిల్లలు వానలో గంతులేశారు. ఆర్డిస్ వసారాలో కూర్చుని, వానలో చల్లబడుతున్న రోడ్డు మీద పొగలు లేవడం చూసింది. ఒక్క రోజు, అనుకుంది. ఒక్క రోజు ముందు రాకూడదూ ఈ వాన?

శనివారం అంత్యక్రియలు. అంత హాయైన రోజు ఆ వేసవి మొత్తం మీద రాలేదు. ఆకాశం కడిగినట్టు ఉంది, గాలి ఉత్తరం నించి చల్లగా వీస్తోంది. చేతులు కలిపిన ప్రతివాళ్లూ అదే మాట అన్నారు. "కనీసం రోజు బావుంది, ఆర్డిస్." "ఓర్లిన్‌కి మంచి రోజు దొరికింది." అక్కడివాళ్లకి నోరు పెగలనప్పుడు వాతావరణమే దిక్కు. అది ఆమెకూ తెలుసు. తెలిసినా, ఒక్కొక్కరు బావుందన్నప్పుడల్లా చెంప మీద కొట్టినట్టుండేది. ఎవరికీ జవాబు చెప్పలేదు.

పాస్టరమ్మ ప్రార్థన ముగించాక జనం మెల్లగా హాలు వైపు నడిచారు. ఆర్డిస్ కదల్లేదు. శ్మశానం కంచెకు అవతల మొక్కజొన్న ఆకులు ఒకదానికొకటి రాసుకుంటూ గలగలమంటున్నాయి. కెట్లర్ ఒక్కడూ టోపీ చేత్తో పట్టుకుని కాస్త దూరంగా నిలబడ్డాడు. పదకొండేళ్ల కిందటి ఆ భోజనాల్లో అతనూ ఉన్నాడు. ఏదో చెప్పబోయి, ఆగి, పొలం వైపు చూశాడు.

"రెండంగుళాలు పడింది" అన్నాడు చివరికి. "పైరుకి పనికొచ్చింది."

ఆర్డిస్ అతని చూపు వెంట చూసింది. అతని గడ్డం వణుకుతోంది. ఓర్లిన్ పొలం ఇరవై ఏళ్లు అతని పొలం పక్కదే.

"పనికొచ్చింది" అంది ఆర్డిస్. "బాగా పనికొచ్చింది."

అతను తలూపాడు. ఇద్దరూ అక్కడే నిలబడి, కింద హాల్లో భోజనాలు చల్లారిపోయేదాకా వాన గురించే మాట్లాడుకున్నారు.