హ్వాసున్ మూడో డబ్బా

మరుగుదొడ్డిలోంచి హ్వాసున్ ఖాళీ డబ్బాతోనే బయటికొచ్చింది. అప్పటికి ఎనిమిదిన్నర.

"రాలేదా?" వంటింట్లోంచి అత్తగారు కేకేసింది.

"మీ కేకలకి వచ్చేది కూడా ఆగిపోతోంది అత్తయ్యా!"

ఏడాది కిందట హ్వాసున్‌కి బరువు తగ్గే ఆపరేషన్ అయింది. పొట్టని చిన్నది చేసి, పేగుని దారి మళ్లించారు. నూట పద్దెనిమిది కిలోల మనిషి డెబ్బై తొమ్మిదికి దిగింది. ఆపరేషన్‌తో పాటు పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు కూడా మారతాయట. ఏవి పోతున్నాయో, ఏవి కొత్తగా చేరుతున్నాయో, వాటివల్ల ఒంటికేం జరుగుతుందో చూస్తామని ఆసుపత్రివాళ్లు మూడుసార్లు మలం అడిగారు. రెండు డబ్బాలు ఇచ్చేసింది. ఇది ఆఖరిది. ఇవాళ పదకొండులోపు అందకపోతే ముందిచ్చినవీ వృథా.

జొంజూ ఊరి బజారులో కూరల కొట్టు నడుపుకునే హ్వాసున్ చదువు బడి మధ్యలోనే ఆగింది. ముప్పై ఏళ్లు ఊరంతా "నోరు కట్టుకోలేదు" అని ఆడిపోసుకున్న ఒంటినుంచి, పెద్ద చదువులవాళ్లు ఏదో నేర్చుకుంటామన్నారు. ఆ చదువులో తన డబ్బా లేకుండా పోతుందేమోనని ఆమె బెంగ.

మూడు రోజులుగా కడుపెందుకు బిగుసుకుందో అప్పుడు తట్టింది.

"అత్తయ్యా, పొద్దుటిపూట సముద్రపు నాచు చారు ఎందుకు కాయట్లేదు?"

"పరీక్ష పెట్టుకుని జారుడు చారు తాగుతారటే? జారిపోవూ! మీ ఆయన కాలేజీ పరీక్షలప్పుడు నెల్లాళ్లు ఇంట్లో నాచు ముట్టలేదు."

"అయ్యో, అది రాసే పరీక్ష! ఎప్పుడూ తినేదే తినమన్నారు నన్ను!"

"ఏదైనా పరీక్ష పరీక్షే. ఇదిగో, యొత్ తెచ్చాను. జిగట మిఠాయి తింటే గెలుపు అంటుకుంటుంది. నోరు తెరు."

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి తీపి ఆమెకు పడదు. కానీ డెబ్బై తొమ్మిదేళ్ల అత్తగారు చలిలో పడి తెచ్చింది. వేళ్లు ఎర్రగా కందిపోయాయి. కాదనలేక రెండు ముక్కలు నమిలింది.

పావుగంటలో గుండె దడదడలాడింది, చెమటలు పట్టాయి, కడుపులో బండి కదిలింది.

"తప్పుకోండి అత్తయ్యా!"

ముసలావిడ గోడకు అంటుకుపోయింది. లోపలినుంచి కాసేపటికి నీరసంగా, సంబరంగా ఒక గొంతు వినిపించింది: "వచ్చేసింది!"

అరగంట నడుం వాల్చాక తేరుకుంది. ఇద్దరూ బస్సెక్కి పదీ నలభైకల్లా ఆసుపత్రిలో ఉన్నారు. నమూనాలు తీసుకునే నర్సు జియన్ కాగితం ఇచ్చింది. 'తిండిలో మార్పులున్నాయా?' అని ఉంది. లేవని రాస్తే గొడవే లేదు. హ్వాసున్ కలం అందుకుంది. వాళ్లు నేర్చుకునేది తప్పయితే ఇక తనిచ్చి ఏం లాభం? చారు మానడం, మిఠాయి తినడం, టైముతో సహా రాసేసింది.

జియన్ చదివి పెదవి కొరుక్కుంది. లోపలికెళ్లి డాక్టరుగారిని అడిగి వచ్చింది.

"తీసుకుంటామమ్మా. మీరు రాసిందంతా నమూనాతోపాటే నమోదవుతుంది. దాచేవాళ్లతోనే మాకు చిక్కు."

డబ్బా గడ్డకట్టించే పెట్టెలోకి వెళ్లింది. అత్తగారు కౌంటరు మీదికి వంగింది.

"మరి మార్కులెప్పుడమ్మా?"

"రెండేళ్లు పడుతుంది బామ్మా."

"రెండేళ్లా! ఒక్క డబ్బా దిద్దడానికా?"

హ్వాసున్ చిన్న పొట్ట పట్టుకుని, బెంచీ మీద కూలబడి నవ్వుతూనే ఉంది.