ఏదీ అంటుకోని సంత

సంత నీళ్ళలో సాగుతోంది, మోకాలి లోతు నీళ్ళు, అయినా ఎవరికీ అదొక వింతగా లేదు, ఉల్లిపాయల గుట్టల కింద నుంచి నీళ్ళు పారుతున్నాయి, కోళ్ళు అమ్మేవాళ్ళు పంచెలు ఎగ్గట్టి బేరాలాడుతున్నారు, నేను తక్కెడ పట్టుకుని చింతపండు తూస్తున్నాను, తూచిన ప్రతిసారీ పళ్ళెంలోకి నీళ్ళు చేరి ముల్లు ఎటూ నిలవడం లేదు. అడవి సరుకు కొని పట్నానికి పంపడమే నా బతుకు, తడిసిన చింతపండు కొంటే ఎంత నష్టమో కళ్ళు మూసుకుని చెప్పగలను, అయినా ఎందుకో కొంటూనే ఉన్నాను.

వరసలో తరవాతి మనిషి కోసి. సరిహద్దు అవతల వాళ్ళ ఊరు తగలబడితే కొడుకు చెయ్యి పట్టుకుని అడవి దాటి వచ్చిన గొత్తికోయ మనిషి, ప్రతి సంతకూ నాకు చింతపండు, ఇప్పపువ్వు తెచ్చేది, పోయిన వానల్లో జ్వరంతో చనిపోయింది. చనిపోయిందని నాకు తెలుసు, తెలిసినా పలకరించకపోతే పక్క కొట్టుకు పోతుందేమోనన్నట్టు, "రా కోసీ, ఏం తెచ్చావు?" అంటాను.

"ఏం సావుకారూ, ముసలాడివైపోయావే," అంటుంది నవ్వుతూ.

బతికున్నన్నాళ్ళూ ఆమెకు వచ్చిన తెలుగు కిలో, ఉప్పు, తక్కువ, ఇంకొంచెం. నాకు వచ్చిన కోయమాటలు అంతకన్నా తక్కువ. ఇన్నేళ్ళ మా పరిచయంలో ధర తప్ప ఇంకో ముచ్చట లేదు. ఇప్పుడు మాత్రం మాటలు గడగడా వస్తున్నాయి.

"తెలుగు ఎప్పుడు నేర్చావు?"

"అక్కడ పనేముంది? కూర్చుని నేర్చుకున్నా."

గంప దించి తక్కెడ పళ్ళెంలో పెడుతుంది, పైన కప్పిన టేకాకులు తొలగిస్తే లోపల చింతపండు లేదు, అన్నీ అగ్గిపెట్టెలే, నానిపోయి, బొమ్మలు ఊడిపోయి.

"నా కొడుకు సరుకు. నువ్వే ధర కట్టు."

అప్పుడు గుర్తొస్తుంది నాకు, ఆమె కొడుకు మాసా మా ఇంటి వరండాలో ఉన్నాడని, తెల్లవారితే వాడి సంగతి నేనే తేల్చాలని. గుర్తు రాగానే సంత సంతలా ఉండదు, ఇద్దరం వాడుండే ఆశ్రమ పాఠశాల హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాం, మధ్యలో తక్కెడ, కాళ్ళ కింద అవే నీళ్ళు.

"మీవాడు దొంగ, కోసీ," అంటాను. "కొంతకాలంగా సంతలో అగ్గిపెట్టెలు మాయమవుతున్నాయి. నిన్న లంబాడా పిల్లాడు భద్రు రేకుల షెడ్డు వెనక బీడీ వెలిగిస్తుంటే మీవాడు రాయి తీసుకుని నుదురు పగలగొట్టాడు. హాస్టల్ వెతికితే నీళ్ళతొట్టిలో గోతం నిండా అగ్గిపెట్టెలు దొరికాయి. సంతను తగలబెట్టడానికే దాచాడని కిరాణా లింగమూర్తి అంటాడు. పోలీసులకు అప్పగిద్దామని వర్తకులందరూ అంటున్నారు. సంఘం పెద్దను నేను, నా మాటే ఆఖరి మాట. ఈ రాత్రికి నా పూచీ మీద ఇంటికి తెచ్చుకున్నాను."

కోసికి కోపం రాదు. అరటి గెల బేరం చేస్తున్నట్టు తాపీగా అడుగుతుంది.

"పక్కనే బీడీకట్టలు లేవా?"

"ఉన్నాయి. ముట్టుకోలేదు."

"గల్లాపెట్టె?"

"తెరిచే ఉంటుంది. ముట్టుకోలేదు."

"అగ్గిపెట్టెలు ఎవరికైనా అమ్మాడా?"

"లేదు."

"నువ్వు వ్యాపారివి కదా సావుకారూ. ఇదేం వ్యాపారం?"

లెక్క వేస్తాను, నాకు వచ్చిన విద్య అదొక్కటే. దొంగ అమ్ముడుపోయేది తీస్తాడు. తగలబెట్టేవాడికి ఒక పుల్ల చాలు, గోతం అక్కర్లేదు. పైగా నిప్పుల సరుకును తీసుకెళ్ళి నీళ్ళలో దాచే మనిషిని నేనెక్కడా చూడలేదు. లింగమూర్తి లెక్క తేలడం లేదు. కోసి ముఖం వంక చూస్తే ఆమె నీళ్ళ వంక చూస్తోంది.

"సంతలోకి నీళ్ళు పెట్టింది మావాడే," అంటుంది. "చూడు, ఇక్కడ ఏదీ అంటుకోదు."

మెట్లు మెల్లగా ఏటిగట్టు అవుతాయి.

"మా ఊరు తగలబెట్టిన పొద్దున వచ్చినవాడి భుజాన తుపాకీ ఉంది," అంటుంది కోసి. "మావాడు దాన్ని చూడలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీయడం చూశాడు. గుప్పిట్లో పట్టేంత పెట్టె. ముందు మా ఇంటి కప్పుకే పెట్టాడు. లోపల మావాడి తాత ఉన్నాడు."

"భద్రుకు కుట్లు పడ్డాయి," అంటాను. "అదీ లెక్కలో ఉండాలి కదా."

"ఉండాలి. ఆ పిల్లాడూ ఇక్కడే ఉన్నాడు."

గంపను కాస్త వంచుతుంది. అగ్గిపెట్టెల మధ్య భద్రు, పిట్టంత అయిపోయి, చెవులు మూసుకుని ముడుచుకుని ఉన్నాడు. ఎక్కడో నీళ్ళలో ఒక జీపు పోతున్న చప్పుడు. "పోయిందా?" అని అడుగుతాడు వాడి భాషలో, ఎన్నడూ రాని ఆ భాష నాకు అర్థమవుతుంది. జీపుల్లో వచ్చిన మనుషులు వాళ్ళ తండాలో గుడిసెలు పీకి మగవాళ్ళను కొట్టిన సంగతి సంతకంతా తెలుసు. అప్పటి నుంచి జీపు చప్పుడైతే వీడు చేతిలోది పారేసి పరుగెత్తేవాడు, పిరికివాడని మేం నవ్వేవాళ్ళం, నవ్వినప్పుడల్లా వీడొక బీడీ వెలిగించి అందరి ముందూ పొగ వదిలేవాడు.

"హాస్టల్లో వీళ్ళు ఒక వరసలో కూర్చుని తినరు," అంటాను. "కోయపిల్లలు ఒక పక్క, లంబాడాపిల్లలు ఒక పక్క."

"పగలు కదా అది. రాత్రి ఇద్దరూ లేచి కూర్చునే ఉంటారు."

"రాయితో కొట్టడం తప్పే, కోసీ."

"తప్పే. తిట్టు. పని చేయించు. భద్రు గాయానికి కట్టు వాడి చేతనే మార్పించు. పోలీసులకు మాత్రం ఇవ్వకు సావుకారూ. వాళ్ళూ జీపులోనే వస్తారు, వాళ్ళ జేబులోనూ అగ్గిపెట్టె ఉంటుంది."

ఇంత చవగ్గా ఎవరూ నా దగ్గర ఏదీ అడగలేదు. "సరే" అంటాను, బేరం లేకుండా. ఆమె గంప నెత్తికెత్తుకుని ఏట్లోకి దిగుతుంది, నడుము దాకా మునిగాక ఆగి వెనక్కి తిరుగుతుంది.

"వాడు నిద్రపోతున్నాడా?"

"లేదు. గోడకు ఆనుకుని మా పొయ్యి వంకే చూస్తూ కూర్చున్నాడు. పడుకోరా అంటే తలూపుతాడు, పడుకోడు."

"నేనిప్పుడు వెళ్ళాలి. నువ్వు చూడు. నిద్రపోయాడేమో చూడు," అంటూనే ఉంది, నీళ్ళు ఆమె గొంతును మెల్లగా తీసుకుపోతున్నాయి, ఆ గొంతులోకి ఇంకో గొంతు వచ్చి కలుస్తోంది, "ఏవండీ, ఏవండీ" అని.

కళ్ళు తెరిస్తే తెల్లవారింది. మంచం పక్కన నా భార్య సుగుణ, చేతిలో పాలగిన్నె.

"అగ్గిపెట్టె ఎక్కడ పెట్టారు? పొయ్యిగట్టు మీదిది లేదు, దేవుడి గూట్లోదీ లేదు. నేను రాత్రే చెప్పాను, ఆ పిల్లాణ్ణి ఇంటికి తేవద్దని."

లేచి వరండాలోకి వెళతాను. మాసా గోడ దగ్గర లేడు. పెరట్లోకి తొంగిచూస్తే స్నానాల గంగాళంలో రెండు అగ్గిపెట్టెలు తేలుతున్నాయి, పుల్లలు విడిపోయి నీళ్ళంతా పరుచుకున్నాయి. గంగాళం పక్కనే బండల మీద వాడు, నోరు తెరుచుకుని, కాళ్ళూ చేతులూ ఎటుపడితే అటు పారేసుకుని, చిన్నపిల్లాడిలా గురక పెడుతున్నాడు.

సుగుణ నా వెనకే వస్తుంది. "అయ్యో, పక్కింట్లో అడిగి తెస్తానుండండి, మీకు కాఫీ..."

"వద్దు. వాడు లేచేదాకా పొయ్యి వెలిగించకు."

"మీటింగుకు వాళ్ళంతా వస్తారు కదా?"

"రానీ. వాడు నా దగ్గరే ఉంటాడని చెబుతాను. ధర్మా నాయక్‌కు కబురు పంపు, కొడుకు భద్రును కూడా తీసుకురమ్మను. జీపులో వద్దు, నడిచి రమ్మను."

సుగుణ వాడి వంక చూస్తుంది. చేతిలోని పాలగిన్నెను చప్పుడు కాకుండా గట్టు మీద పెడుతుంది.