గుడ్డపీలిక కట్టిన సీసా

సీసాని తొట్టిలోంచి తీసి, బోర్లించి నీళ్లు వంపేసి, దేముడమ్మ దాని మూతిని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి గాలి పీల్చింది. ఏమీ లేదు. కుడిపక్క బుట్టలో పెట్టి ఇంకోటి అందుకుంది. ఏడింటికి కూర్చుంటే ఎనిమిదిన్నరకి బుట్ట సగం నిండింది. ఇరవై రెండేళ్లు కుంకుడు నీళ్లలో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి, సెలవు రోజున కూడా సాపు కావడం మానేశాయి.

బయట ఆటో ఆగింది. వన్ టౌన్‌లో పాతసీసాలు కొనే గౌస్ గోనెసంచులు దించాడు.

"అక్కా, ఇయ్యాల ఫిషింగ్ హార్బర్ సరుకే ఎక్కువ. కాత్త బాగా సూడు."

"సూడకుండా ఎప్పుడొగ్గీసేను తమ్ముడూ?"

మధురవాడ దాటి ఆనందపురం వైపు వెళ్తే జీడితోటల మధ్య ఉంటుంది దేముడమ్మ పనిచేసే వైనరీ. జనం పిక్క ఒలుచుకుని పండు పారేస్తున్న రోజుల్లో, ఆ పారేసిన జీడిపళ్లతోనే వైన్ చెయ్యొచ్చని శ్రీరామ్మూర్తిగారు మొదలుపెట్టారు. ఆయన పోయాక కొడుకు తిరుమలరావు, మనవరాలు యశస్విని నడుపుతున్నారు. పళ్ల పిప్పి ఆవులకి, కడిగిన నీళ్లు కొబ్బరి మొక్కలకి, సీసాలు పాతవే మళ్లీ వాడకానికి. 'మేము దేన్నీ పారెయ్యం' అని లేబుల్ మీద అచ్చు వేయించుకున్నారు. గేటు పక్కన బోర్డు కూడా పెట్టారు. 'కుంకుడుకాయతో శుభ్రపరచడం మా కుటుంబ వారసత్వం' అని అందులో రాసి ఉంటుంది.

వారసత్వమట! వైనరీ పెట్టిన రెండో ఏడు సబ్బుపొడి నీళ్లకి కొబ్బరి మొక్కలు మాడిపోతే, పెద్దాయన తల పట్టుకుని కూర్చున్నాడు. "కుంకుళ్లు, బూడిదా ఏసి తోమితే సాల్దా బాబూ?" అన్నది దేముడమ్మ. ఆ బోర్డు మీద ఆమె పేరు ఎక్కడా లేదు. ఆమెకి చదువు రాదు కాబట్టి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

వాసన చూడటం కూడా ఆమె తెచ్చిన పద్ధతే. హార్బర్‌లో బోటు వాళ్లు ఏ సీసా దొరికితే దాంట్లో డీజిలు పోసుకుంటారు. ఎండిన సీసాలో ఆ వాసన తెలియదు. వేడినీళ్లలో కడిగాక, తడి మీద, ఒక్క క్షణం పైకొస్తుంది. అప్పుడే పట్టుకోవాలి. అలాంటి సీసా దొరికితే పాతచీర చింపిన పీలిక దాని మెడకి కట్టి ఎడమపక్క గోడ దగ్గర పెడుతుంది. శనివారం గౌస్ వాటిని గాజు కరిగించే చోటికి పట్టుకుపోతాడు. ఆ ముక్కు కోసం దేముడమ్మ పనిరోజున మల్లెపూలు పెట్టుకోదు, పచ్చి ఉల్లిపాయ కొరకదు. జలుబు చేస్తే, కూలి పోయినా సరే, ఇవాళ నా ముక్కు పనిచెయ్యదని తనే కబురు పెట్టి ఇంట్లో ఉండిపోతుంది. ఇంట్లో చూస్తే పోర్టులో మూటలు మోసి నడుం విరిగిన మొగుడు. ఆ కూలి లేని రోజు పొయ్యి ఎలా వెలిగేదో ఈ కంపెనీలో ఎవరూ అడగలేదు.

పది గంటలకి యశస్విని మాస్కు, టోపీ, చేతి తొడుగులు పట్టుకొచ్చింది. పర్యావరణ సర్టిఫికెట్ ఇచ్చే వాళ్లు బెంగళూరు నుంచి వస్తున్నారు.

"దేముడమ్మా, ఇవి పెట్టుకో. వాళ్లు వెళ్లేదాకా తియ్యకు."

"ముక్కు మూసీత్తే ఎలగ పాపా? వాసన సూడాల గదా?"

"ఈ ఒక్క రోజుకి వద్దులే."

"ఈ ఒక్క రోజు సీసాల్లో తాగీవోలు మనుసులు కారేటి?"

యశస్విని ఫోను చూసుకుంటూ వెళ్లిపోయింది. తొట్టి దగ్గర ఇక తన పద్ధతి సాగనివ్వరనే భయం దేముడమ్మకి అప్పుడే మొదలైంది. మాస్కు పెట్టుకుంది. లోకమంతా కొత్తగుడ్డ కంపు. కడిగిన సీసాల్ని బుట్టలో వెయ్యకుండా వెనక్కి పెట్టుకుంటూ పోయింది, వాళ్లు వెళ్లాక చూడొచ్చని.

వచ్చిన ఇద్దరూ తోటంతా తిరిగి తొట్టి దగ్గరికి వచ్చారు. యశస్విని కుంకుళ్ల బుట్ట చూపిస్తూ ఇంగ్లీషులో చెబుతోంది. "మై గ్రాండ్‌ఫాదర్" అన్న ముక్క దేముడమ్మకి అర్థమైంది. అదే సమయంలో చేతిలో సీసా మెడ లోపల జిడ్డుగా తగిలింది. తొడుగు విప్పి తడిమింది. ఆగలేకపోయింది. మాస్కు కిందికి లాగి వాసన చూసింది. డీజిలే. కొంగున దోపిన పీలిక తీసి సీసా మెడకి కట్టింది.

తల ఎత్తేసరికి కెమెరా ఆమె మీదే ఉంది. వచ్చినాయన ఏదో అడిగాడు. యశస్విని మొహం ఎర్రగా చేసుకుని ఏదో సర్దిచెప్పింది. ఆయన కాగితం మీద రాసుకున్నాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ నీడలో బల్ల ముందు కూర్చుని, పొడుగు కాళ్ల గ్లాసుల్లో ముక్కులు దూర్చి, కళ్లు మూసుకుని, వైన్ వాసన చూశారు. తిరుమలరావు చేతులు కట్టుకుని నిలబడి మెప్పు కోసం ఎదురు చూశాడు. యశస్విని ఫొటోలు తీసింది. గ్లాసులో పెడితే విద్య, సీసా దగ్గర పెడితే మురికి! ముక్కులో తేడా ఏముందో వాళ్లే చెప్పాలి.

మూడింటికి తిరుమలరావు పిలిచాడు.

"రేపట్నుంచి తొట్టి దగ్గర కూర్చోకు. సీసా దగ్గర మనిషి మొహం పెట్టకూడదని రాశారు. తోట ఊడ్చే పని చూసుకో."

"మరి వాసన ఎవులు సూత్తారు బాబూ?"

"మిషన్ వస్తుంది."

"ఎప్పుడొత్తాది?"

"వస్తుందిలే దేముడమ్మా. నీకెందుకు?"

ఇరవై రెండేళ్లు ఊపిరితిత్తుల నిండా ఊళ్లో వాళ్ల డీజిలూ ఫినాయిలూ పీల్చిన మనిషిని, నీకెందుకు అన్నాడు. దేముడమ్మ కళ్లలో నీళ్లు రాలేదు. ఒళ్లు మండింది.

"నాను ఊడ్సడానికి రాను బాబూ," అంది.

పీట దగ్గరికి తిరిగొచ్చి, వెనక పెట్టుకున్న సీసాల్ని వేడినీళ్లలో ముంచి ఒక్కోటీ వాసన చూసింది. ఇంకోటి దొరికింది. దానికీ పీలిక కట్టి మొదటిదాని పక్కన గోడకి ఆనించింది. తొట్టి కడిగింది. వెళ్తూ ఆఫీసు గుమ్మం దగ్గర ఆగింది.

"గుడ్డ కట్టినయి రెండున్నాయి. ముట్టుకోనీకండి. శనారం గౌసు తీసికెల్తాడు."

ఫోనులో మాట్లాడుతున్న తిరుమలరావు చెయ్యి ఊపాడు. విన్నాడో లేదో.

మధురవాడ కూడలిలో షేర్ ఆటో దిగి మూరెడు మల్లెపూలు కొని జడలో పెట్టుకుంది. పనిరోజున పూలు పెట్టుకోవడం ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. ఇంటిదాకా ఆ వాసన తప్ప ఇంకేమీ రాకూడదన్నట్టు నడిచింది.

మర్నాడు వచ్చిన కొత్త మనిషి కాసులమ్మ మాస్కు, టోపీ, తొడుగులతో చూడ్డానికి ముచ్చటగా ఉంది. వెబ్‌సైట్ కోసం ఫొటో తీస్తూ యశస్విని గోడ వైపు చూసింది.

"ఆ చింకిగుడ్డలేంటి అసహ్యంగా? విప్పేసి ఆ సీసాలు కూడా బుట్టలో పెట్టు."

"అలగేనమ్మా," అంది కాసులమ్మ.

సీసాలు రెండూ తళతళ మెరుస్తున్నాయి. మధ్యాహ్నానికి వైన్‌తో నిండాయి, సాయంత్రానికి లేబుళ్లు పడ్డాయి. పీలికల్లో ఒకటి నీళ్లతో కొట్టుకుపోయింది. రెండోది, పాత నీలంచీర అంచుది, ఇంకా డీజిలు కంపు కొడుతూ తొట్టి గట్టు మీద ఉండిపోయింది.