స్వెటరు పక్కన ఐస్ ప్యాక్

పుచ్చకాయ ముక్కలు మళ్లీ తిరిగొచ్చాయి. డబ్బా మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. ముక్కలు ఉడకబెట్టినట్టు మెత్తబడి, ఎర్రటి నీళ్లలో తేలుతున్నాయి. ఆ ఇంటి ఇల్లాలికి ఒళ్లు మండిపోయింది.

"ఏమే, పొద్దున్నే లేచి గింజలేరి కోసి పెట్టేది వీటికి ఊరు చూపించి తీసుకురమ్మనా?"

"వేడెక్కిపోయాయమ్మా. నోట్లో పెట్టుకుంటే డోకొచ్చింది," అంది కూతురు చెప్పులు విప్పుతూ.

"మీ నాన్న శుభ్రంగా తినొస్తున్నారుగా! అదే కాయ, అదే కత్తి, అదే చెయ్యి. నీ డబ్బాలోకి వచ్చేసరికే వాటికి పొగరెక్కుతోందా?"

కూతురు మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయింది. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం ఆమెది. అన్నం సంచీ స్కూటరు సీటు కింద పెట్టుకుని ఎండలో వీధులన్నీ తిరగాలి. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, మందులతో పాటు రోజూ పళ్లు తినాల్సిందేనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తల్లి పట్టుదలంతా అందుకే.

అది అలాంటిలాంటి పట్టుదల కాదు. పుచ్చకాయ మానేసి ద్రాక్ష పెట్టింది, కడిగి, తుడిచి, చుక్క తడి లేకుండా. అవి సాయంత్రానికి ముడుచుకుపోయి వచ్చాయి. బొప్పాయి పెడితే గుజ్జయి వచ్చింది. డబ్బాకి తడిగుడ్డ చుడితే స్కూటరు కాగితాలు నానిపోయాయి. పళ్లబండివాడితో పోట్లాడింది. కొత్త డబ్బా కొంది. అన్నింటినీ అనుమానించింది, తన అలవాటుని తప్ప.

"నాన్న సంచీలో రోజూ పెడతావే, ఆ ఐస్ ప్యాక్ నాకు పెట్టకూడదా?" అని కూతురు ఒకసారి అడిగింది కూడా.

"అది నాన్నది. ఆయన సంచీ కొన్నప్పుడు దాంతో పాటు వచ్చింది," అంది తల్లి, ఆస్తి తగాదాలో తీర్పు చెప్పినట్టు. మాట అక్కడితో తెగిపోయింది.

ఒక మధ్యాహ్నం ఎవరో ఫోను చేశారు. మీటరు చూడడానికి వచ్చిన అమ్మాయి తమ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయిందట. తల్లి ఆటో ఎక్కి పరుగెత్తింది. కూతురు గోడకానుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది, మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. సంచీ తీద్దామని స్కూటరు సీటు ఎత్తితే పొయ్యి దగ్గర నిలబడ్డట్టు సెగ కొట్టింది. స్టీలు డబ్బా ముట్టుకుని, చురుక్కుమంటే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"రోజూ ఇంతేనా?"

"చెప్పాను కదమ్మా," అంది కూతురు నీరసంగా. కోపంగా అన్నా బాగుండేది.

కూతురు తేరుకుని మళ్లీ పనికి బయల్దేరిన పొద్దున, తల్లి యథాప్రకారం భర్త సంచీ సర్దుతోంది. ఆయన గదిలోంచి కేకేశాడు.

"ఏమోయ్, స్వెటరు మర్చిపోకు! ఆఫీసులో ఆ ఏసీకి వణికి చస్తున్నాను."

ఆవిడకి ఒక చేతిలో స్వెటరు, ఇంకో చేతిలో గడ్డకట్టిన ఐస్ ప్యాక్. దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లూ ఈ రెండూ ఒకే సంచీలో పక్కపక్కనే పెట్టింది, ఏనాడూ ఏమీ అనిపించలేదు. చలికి వణికే మనిషికి ఐసు, ఎండకి మాడే పిల్లకి తిట్లు!

"ఏవండీ, ఆఫీసుకెళ్లాక ఈ సంచీ ఎక్కడ పెడతారు?"

"ఫ్రిజ్‌లో. ఏం?"

ఆవిడ భర్త సంచీ పక్కన పెట్టేసింది. ఐస్ ప్యాక్‌ని మందపాటి తువ్వాల్లో కూతురి డబ్బాతో కలిపి చుట్టి, సంచీలో పెట్టి ఆమె భుజానికి తగిలించింది.

"ఆ సీటు కింద మాత్రం పెట్టకు తల్లీ. నీతోనే ఉంచుకో."

"మరి నాకో?" అన్నాడు భర్త.

"మీకు స్వెటరు పెట్టానుగా."

ఆయన కూతురి మోచేతి కట్టు చూశాడు. తన సంచీ తనే అందుకుని బయల్దేరాడు.

ఆ సాయంత్రం రెండు డబ్బాలూ ఖాళీగా వచ్చాయి. ఆవిడకి సంతోషం కన్నా ఉక్రోషమే ఎక్కువైంది. ఇంత తేలికైన పనికి పిల్ల మెట్ల మీద పడాల్సి వచ్చిందా!

అమ్మలూ, అక్కలూ, రేపు మీరు సంచీలు సర్దేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆపి చూడండి. ఇంట్లో ఉన్న కాస్త చల్లదనం వెళ్లాల్సింది పెద్దరికం ఉన్నచోటికి కాదు, ఎండ ఉన్నచోటికి.